పోఎడిట్ తెరిచే ముందు కోడులోని ఇంగ్లీషును సరిచేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిర్యాలగూడలో మీ మామగారి ధాన్యం కమీషన్ దుకాణం కోసం పైథాన్‌లో ఒక లెక్కల ప్రోగ్రాం రాశారు. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, తేమ, హమాలీ ఖర్చు ఎక్కిస్తే చివరికి తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే లెక్క చీటీ, ఇస్తుంది. తెర మీద మాటలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, గుమాస్తాకు తెలుగు కావాలి. అనువాదాలు రాసుకునే పోఎడిట్ ప్రోగ్రాం దించుకుని సగం వాక్యాలు తెలుగు చేశారు. చేసినవాటిలో కొన్ని తెర మీద ఇంకా ఇంగ్లీషులోనే కనిపిస్తున్నాయి. అది ఎందుకని, మిగతా సగానికి యంత్రానువాదం వాడితే పని అయిపోతుందా అని అడిగారు.

సాధనం సరైనదే. పోఎడిట్ వెనుక ఉన్న గెట్‌టెక్స్ట్, అంటే కోడులోని వాక్యాలకు అనువాదాలను వేరే ఫైలులో పెట్టి నడిపే పద్ధతి, పాతది, గట్టిది. గ్నూ వారి కూర్పు 1995లో వచ్చింది, ఈరోజుకీ లినక్స్ ప్రోగ్రాములు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. పైథాన్‌లో దానికి కావలసిన మాడ్యూల్ ముందే ఉంది. పోఎడిట్ ఉచిత కూర్పు మీ పనికి చాలు. అయితే మీ చేతిలో ఉన్న ఒక సౌలభ్యాన్ని మీరు వాడుకోవడం లేదనిపించింది. ప్రోగ్రాం రాసిందీ మీరే, తెలుగు చేస్తున్నదీ మీరే. ఫైర్‌ఫాక్స్‌ను తెలుగు చేసేవారికి మూలంలోని ఇంగ్లీషు వాక్యం ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా భరించక తప్పదు. అది మారాలంటే ఎక్కడో ఉన్న ప్రోగ్రామర్‌ను ఒప్పించాలి. మీకు ఆ అవస్థ లేదు. అందుకే మిగతా సగం ముట్టుకునే ముందు కోడులోకి వెళ్లి ఇంగ్లీషు వాక్యాలను తెలుగుకు లొంగేలా తిరగరాయండి. నా సమాధానంలో ముఖ్యమైన సంగతి ఇదే. మిగతావి చిల్లర మరమ్మతులు.

కోడులోని గుర్తులను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే చెబుతున్నాను. మీ ఫైలులో అవి ఇంగ్లీషులోనే ఉంటాయి, ఉండాలి.

మీరు చూపిన నమూనాల్లో మొదటిదే తీసుకుందాం. "సెంట్ టు" అనే ముక్క ఒకటి, దాని వెనుక ప్లస్ గుర్తుతో అతికించిన ఊరి పేరు ఒకటి. ఇంగ్లీషులో ఊరు ఏదైనా ఆ ముక్క మారదు, ముందే వచ్చేస్తుంది. తెలుగులో విభక్తి ఊరి పేరు తరువాత వస్తుంది, పైగా ఆ పేరు చివరి అచ్చును బట్టి రూపం మార్చుకుంటుంది. నల్గొండకు, దేవరకొండకు, గద్వాలకు అంటాం. వనపర్తికి, భువనగిరికి అంటాం. ఖాళీ జాగా పక్కన 'కు' రాసి వదిలేస్తే మీ ప్రోగ్రాం ఏదో ఒకరోజు "వనపర్తికు పంపాం" అని అచ్చువేస్తుంది. ద్వితీయా విభక్తితో ఇంకా చిక్కు. ఖాళీలోకి 'బిల్లు' వస్తే 'బిల్లును తొలగించాం' అని చక్కగా వస్తుంది. అదే ఖాళీలోకి 'ధాన్యం' వస్తే 'ధాన్యంను' అని పడుతుంది. కావలసింది 'ధాన్యాన్ని'. ఇక్కడ ప్రత్యయం ఒక్కటే కాదు, మాట చివరే మారిపోయింది. దీన్ని మీరు అనువాదాలు రాసే ఏ పీఓ ఫైలూ సరిచేయలేదు. గెట్‌టెక్స్ట్‌కు వ్యాకరణం రాదు. ఒక వాక్యం ఇస్తే దానికి మీరు రాసిన జంట వాక్యాన్ని వెతికి తెచ్చి ఇస్తుంది, అంతే.

దీనికి మూడు దారులున్నాయి. మూడూ కోడులోని ఖాళీని నామవాచకం రూపం మారనవసరం లేని చోట పెట్టే ఉపాయాలే. మనుషుల పేర్లయితే 'గారు' మన పాలిట వరం. లక్ష్మి అయినా రాములు అయినా యాదగిరి అయినా 'గారికి', 'గారి నుంచి' అని రాస్తే పేరు ముట్టుకోనవసరం లేదు, మర్యాదా దక్కుతుంది. ఊళ్లకు, సరుకులకు 'అనే' పనికొస్తుంది. 'ధాన్యం అనే పద్దును తొలగించాం' అంటే ప్రత్యయం పద్దు మీదికి పోతుంది, పద్దు మీ చేతిలో ఉన్న మాట. మూడోది అన్నిటికన్నా సులువు, పేరును వాక్యంలో నుంచి బయటికి లాగి రెండు చుక్కల పక్కన పెట్టడం. 'పంపిన ఊరు: వనపర్తి', 'తొలగించిన పద్దు: ధాన్యం'. లెక్కల ప్రోగ్రాంలో ఇది కృతకంగా కూడా అనిపించదు, చిట్టా పుస్తకాల్లో రాసే తీరే అది. నేను జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు దుకాణాలకు చేసిపెట్టేవాటిలో ఎక్కువగా దీన్నే వాడతాను. అక్కడ వడ్లతో పాటు పల్లికాయ, మక్కలు, పత్తి కూడా తిరుగుతాయి కాబట్టి సరుకు పేరు ఎలా ముగుస్తుందో ముందుగా ఊహించే పని పెట్టుకోను.

వాక్యాన్ని ముక్కలుగా అతికించడం పూర్తిగా మానేయండి. ఎన్ని ఖాళీలున్నా మొత్తం వాక్యం ఒకే స్ట్రింగ్‌గా అనువాదకుడి ముందుకు రావాలి. ఖాళీలకు పేర్లుండాలి. "12 బస్తాలలో 5 దిగాయి" అనే సందేశం మీ ఇంగ్లీషులో 5తో మొదలై 12 వైపు పోతుంది, తెలుగులో మొత్తం సంఖ్య ముందు వస్తుంది. శాతం గుర్తు పక్కన డి అని పేరులేని ఖాళీలు రెండు పెడితే వరుస మార్చే వీలు పైథాన్‌లో లేదు. 12 రావలసిన చోట 5 వస్తుంది. ఫ్లవర్ బ్రాకెట్లలో 'టోటల్', 'డన్' అని పేర్లు పెడితే ఏది ముందైనా రాసుకోవచ్చు. కోడు నుంచి వాక్యాలను ఏరే ఎక్స్‌గెట్‌టెక్స్ట్ ప్రోగ్రాం పేరులేని ఖాళీలు రెండు కనబడితే హెచ్చరిక కూడా ఇస్తుంది. దాన్ని చదవకుండా దాటేసేవారే ఎక్కువ.

మీ కోడులో నాకు కనిపించిన పెద్ద దోషం ఎఫ్-స్ట్రింగులు, అంటే రాసిన చోటే ఖాళీలు నింపేసే స్ట్రింగులు. అనువాదం తెచ్చే అండర్‌స్కోర్ ఫంక్షన్‌లోకి ఎఫ్-స్ట్రింగ్‌ను పంపితే, గెట్‌టెక్స్ట్ వెతికే సమయానికే ఖాళీలు నిండిపోయి ఉంటాయి. పీఓ ఫైలులో ఉన్నది ఖాళీ ఉన్న వాక్యం, వెతుకుతున్నది "వెల్‌కం యాదగిరి" అనే నిండిన వాక్యం. రెండూ కలవవు, ఇంగ్లీషే తిరిగి వస్తుంది. మామూలు స్ట్రింగ్‌ను ముందు అనువదింపజేసి, వచ్చిన ఫలితం మీద ఫార్మాట్ పిలవండి. మీరు అడిగిన 'ఇంకా ఇంగ్లీషులోనే' అన్న సమస్యలో సగం ఇక్కడే తీరుతుంది.

బహువచనానికి ఎన్‌గెట్‌టెక్స్ట్ వాడండి. తెలుగుకు రెండు రూపాలే, ఒకటికి ఒకటి, మిగతా అన్నిటికీ ఇంకొకటి. సున్నా కూడా బహువచనం వైపే పోతుంది. 'బస్తా(లు)' అని బ్రాకెట్ పెట్టే అలవాటు మనకు ఇంగ్లీషు ఫారాల నుంచి అంటింది, వదిలేయండి. పూర్ణ సంఖ్యలకు మాత్రమే ఈ ఫంక్షన్. తూకం 12.45 క్వింటాళ్లు అయినప్పుడు దీని జోలికి పోకుండా 'తూకం, క్వింటాళ్లలో' అని శీర్షిక పెట్టి పక్కన అంకె వేయండి. మనుషుల లెక్కకు 'మంది' చేర్చడం మరవకండి, '5 హమాలీలు' కన్నా '5 మంది హమాలీలు' మన మాట. క్రియకు ఎప్పుడూ 'వచ్చారు', 'చెల్లించారు' అనే రూపం ఎంచుకుంటే రైతు ఆడా మగా అన్న ప్రశ్న కోడులోకి రాదు.

ఒకే ఇంగ్లీషు మాట రెండు పనులు చేస్తున్న చోట్లు మీ ప్రోగ్రాంలో కనీసం రెండు కనిపించాయి. 'ఓపెన్' అనేది ఫైలు మెనూలో ఒక ఆజ్ఞ, ఖాతాల జాబితాలో ఒక స్థితి. పీఓ ఫైలులో అవి ఒకే పద్దుగా కలిసిపోతాయి, ఒక్క తెలుగు మాటతో రెంటినీ సరిపెట్టాల్సి వస్తుంది. పీగెట్‌టెక్స్ట్‌తో సందర్భం జోడిస్తే విడిపోతాయి. అది పైథాన్‌లో 3.8 నుంచి ఉంది. మీరు పాత విండోస్ 7 కంప్యూటర్ కోసం 3.8 దగ్గర ఆగిపోయానన్నారు, పరవాలేదు, సరిగ్గా ఆ కూర్పు నుంచే పనిచేస్తుంది.

ఇదంతా అయ్యాకే పోఎడిట్‌లో కోడు నుంచి తాజాపరచండి. వరుస ముఖ్యం, ఎందుకంటే ఇంగ్లీషు వాక్యం ఒక్క అక్షరం మారినా పాత అనువాదం దానికి చెందదు. కొత్త వాక్యం పాతదానికి దగ్గరగా ఉంటే పోఎడిట్ పాత తెలుగును తెచ్చి దాని పక్కన పెట్టి, 'ఫజ్జీ', అంటే సరిచూడాల్సినది, అని గుర్తు వేస్తుంది. దాన్ని వేరే రంగులో, ఇంకా పని ఉన్నట్టుగా చూపిస్తుంది. పీఓ నుంచి ప్రోగ్రాం చదివే ఎంఓ ఫైలు తయారయ్యేటప్పుడు ఫజ్జీ పద్దులు అందులోకి వెళ్లవు. మీరు తెలుగు రాసి ఉన్నా తెర మీద ఇంగ్లీషు రావడానికి ఇది రెండో కారణం. అలాగని అన్నిటినీ ఎంచుకుని ఒక్క దెబ్బతో ఆ గుర్తు తీసేయకండి. మీరు 'బ్యాగ్స్ రిసీవ్డ్' అన్నదాన్ని 'బ్యాగ్స్ రిటర్న్డ్' అని మార్చి ఉంటే, దాని పక్కన నిలబడి ఉండేది 'వచ్చిన బస్తాలు'. డబ్బు లెక్కల ప్రోగ్రాంలో అలాంటిది ఒక్కటి చాలు తగాదాకు.

మూడో కారణం ఫైలు ఉన్న చోటు. లొకేల్ ఫోల్డర్‌లో తెలుగు సంకేతమైన టీఈ ఫోల్డర్, దానిలో ఎల్‌సీ మెసేజెస్ అనే ఫోల్డర్, దానిలో మీ డొమైన్ పేరుతో ఎంఓ ఫైలు ఉండాలి. లినక్స్‌లో ఆ మధ్య ఫోల్డర్ పేరు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. విండోస్‌లో ఇంకో చిక్కు ఉంది. పైథాన్ భాషను లాంగ్వేజ్, లాంగ్ లాంటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో వెతుకుతుంది, విండోస్ సాధారణంగా వాటిని పెట్టదు. కాబట్టి భాషల జాబితాలో టీఈ అని మీరే కోడులో ఇవ్వండి, అనువాద ఫైలు దొరకకపోతే ఇంగ్లీషే చూపేలా ఫాల్‌బ్యాక్ ఆన్ చేయండి. మెనూ మాటలను మాడ్యూల్ పైభాగంలో స్థిరాంకాలుగా రాసుకున్నారు కదా, అవి భాష ఎంచుకోకముందే లెక్కకట్టబడి ఇంగ్లీషులో గడ్డకట్టి ఉంటాయి. వాటిని ఫంక్షన్ లోపలికి జరపండి.

ఒక వింత కూడా చెప్పి ఉంచుతాను. ఎప్పుడో ఒకనాడు రైతు ఊరు ఖాళీగా వదిలిన చోట ఫైలు తయారైన తేదీ, అనువాదకుడి పేరు, యూటీఎఫ్-8 అంటూ పెద్ద పేరా ప్రత్యక్షమవుతుంది. భయపడకండి. పీఓ ఫైలులో ఖాళీ వాక్యానికి జంటగా ఉండేది ఆ ఫైలు తలకట్టే. ఖాళీ స్ట్రింగ్‌ను అనువాదానికి పంపితే తలకట్టు మొత్తం తిరిగి వస్తుంది. పంపే ముందు ఖాళీయా అని చూసుకోండి. అసలు రైతు పేరు, ఊరి పేరు లాంటి వివరాలను అనువాద ఫంక్షన్‌లోకి పంపనే కూడదు, అవి మీ డేటా.

ఇక యంత్రానువాదం. వాడవద్దని అనను, చిత్తుప్రతికి వాడండి, కానీ కమీషన్ దుకాణం భాష దానికి తెలియదని గుర్తుంచుకుని వాడండి. బస్తాలను సంచులు చేయవచ్చు, ఖాతాలోని బాకీని ఇంకేదో సమతుల్యంగా మార్చవచ్చు. అవి కంటికి కనబడే తప్పులు, గుమాస్తా చదివిన మరుక్షణం పట్టేస్తాడు. నన్ను కలవరపెట్టేది వేరే. ఫ్లవర్ బ్రాకెట్లలోని 'విలేజ్' అనే ఖాళీ పేరును కూడా యంత్రం ఒక్కోసారి 'గ్రామం' అని తెలుగు చేసేస్తుంది. ఆ వాక్యం తెర మీదికి రావలసిన క్షణంలో కీ దొరకలేదంటూ ప్రోగ్రాం కూలుతుంది. అది ఎప్పుడో అరుదుగా వచ్చే వాక్యమైతే, లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు కూలుతుంది. పోఎడిట్ ఇచ్చే హెచ్చరికలను చూడండి, ఎంఓ ఫైలు తయారుచేసే ఎంఎస్‌జీఎఫ్ఎంటీ ప్రోగ్రాంను చెక్ ఐచ్ఛికంతో నడపండి. ఖాళీల పేర్లు సరిపోలకపోతే అది ఎంఓ ఫైలు తయారు చేయకుండా ఆపుతుంది.

మాటల ఎంపికకు మీకు నిఘంటువు అవసరం లేదు. దుకాణంలో అచ్చు వేయించిన పాత తక్‌పట్టీ పుస్తకం ఒకటి తెచ్చుకుని, దాని మీద ఉన్న శీర్షికలను ఉన్నవి ఉన్నట్టు తీసుకోండి. కాంటా, తరుగు, తాలు, హమాలీ, చిల్లర ఖర్చులు అని ఉంటే అవే పెట్టండి. కంప్యూటర్‌కు సంబంధించిన మాటలకు మాత్రం తెలుగు ఫైర్‌ఫాక్స్ మెనూలు చూడవచ్చు, తరచూ వచ్చే మాటల కోసం ఫ్యూయల్ ప్రాజెక్టు తయారుచేసిన తెలుగు జాబితా కూడా ఉంది. 'సేవ్', 'ప్రింట్' అని ఉంచేస్తే తప్పేమీ లేదని నా అభిప్రాయం. గుమాస్తా ఆ పనిని ఏ పేరుతో పిలుస్తాడో ఆ పేరు ఉండాలి. ఒకటే షరతు, ఒక తెరలో సేవ్, ఇంకో తెరలో భద్రపరచు అని ఉండకూడదు.

తేమ హెచ్చరిక గురించి విడిగా అడిగారు. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ పరిమితి 17 శాతం కాబట్టి ఆ అంకె దాటితే ఎర్ర అక్షరాల్లో చూపాలన్నారు. అంకె పక్కన శాతం గుర్తు ఉంటే ఎక్స్‌గెట్‌టెక్స్ట్ దాన్ని ఖాళీ జాగా అనుకుని ఆ వాక్యానికి ఫార్మాట్ ముద్ర వేయవచ్చు. తరువాత మీరు తెలుగులో గుర్తు బదులు 'శాతం' అని రాస్తే తనిఖీలో గొడవ పెడుతుంది. ఇంగ్లీషు వాక్యంలోనే గుర్తు తీసి 'పర్సెంట్' అని రాయండి, పోతుంది.

ఒక నియమం మాత్రం కఠినంగా పాటించండి. అనువదించిన మాటను డేటాబేస్‌లో దాచకండి, దానితో పోల్చకండి. చెల్లింపు అయిందా లేదా అని చూసేందుకు అనువాద ఫంక్షన్ ఇచ్చిన 'చెల్లించారు' అనే మాటతో పోలుస్తున్నారు మీరు. రేపు ఆ తెలుగును 'ముట్టింది' అని మార్చిన రోజున పాత బిల్లులన్నీ బాకీలోకి వస్తాయి. లోపల ఒక ఇంగ్లీషు సంకేతమో అంకెనో ఉంచి, చూపించేటప్పుడు మాత్రమే తెలుగు చేయండి.

ఊర్ల పేర్లలో కంటికి కనబడని చిక్కు ఇంకొకటి ఉంది. 'మహబూబ్‌నగర్'లో బ్ తరువాత న కిందికి దిగి ఒత్తుగా మారకుండా ఆపేది వెడల్పు లేని ఒక అక్షరం, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కొందరి కీబోర్డులో అది పడుతుంది, కొందరికి పడదు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఊర్లు. నాగర్‌కర్నూల్‌దీ ఇదే కథ. నల్గొండ, నల్లగొండ అనే రెండు రాతలు ఎలాగూ ఉన్నాయి. ఊరిని టైపు చేయించే బదులు జాబితాలో నుంచి ఎంచుకోనివ్వండి, వెతుకులాటలో పోల్చేముందు ఆ 200సి అక్షరాన్ని రెండువైపులా తీసేయండి.

అంకెలు 1, 2, 3 గానే ఉంచండి, ౧, ౨, ౩ ఇప్పుడు లెక్కల్లో ఎవరూ చదవరు. కానీ కామాలు చూసుకోండి, పైథాన్‌లో మామూలుగా కామా అడిగితే లక్షను 100,000 అని వేస్తుంది. బేబెల్ లైబ్రరీకి తెలుగు లొకేల్ చెబితే 1,00,000 అని ఇస్తుంది.

ఖతి (ఫాంటు) విండోస్‌లో సమస్య కాదు, విండోస్ 7లో గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ముందే ఉంటాయి. లినక్స్‌లో నోటో తెలుగు లేదా లోహిత్ తెలుగు వేసుకోండి. మీరు తెరలు, బటన్లు గీయడానికి టీకే మీద నడిచే టీకింటర్ వాడారు కాబట్టి లినక్స్ మీద ఒకసారి నడిపి చూడండి. అక్కడ టీకే పాత కూర్పులు ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చవు, అక్షరాలు విడిపోయి కనబడతాయి. దుకాణంలో విండోస్ ఒక్కటే ఉంటే ఈ మాట వదిలేయండి. బటన్ల ఎత్తు పిక్సెళ్లలో బిగించి ఉంటే మాత్రం విప్పండి. ఇంగ్లీషుకు సరిపోయిన ఎత్తులో 'ఖర్చు' కింది ఒత్తు కోసుకుపోతుంది, 'రాష్ట్రం' సంగతి చెప్పనే అక్కరలేదు.

చివరికి తక్‌పట్టీ ప్రింటు. తెర మీద తెలుగు వచ్చినంత మాత్రాన చీటీ మీద రాదు. చవక థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు, నేరుగా పాఠం పంపితే చెత్త అచ్చవుతుంది. చీటీని చిత్రంగా గీసి పంపాలి. పిల్లో లైబ్రరీతో గీస్తే అక్షరాలను కూర్చే రాక్మ్ దానికి తోడుండాలి, లేకుంటే ఒత్తులు పక్కపక్కన పడతాయి. ఇంతకన్నా సులువైన దారి, చీటీని హెచ్‌టీఎంఎల్ పేజీగా తయారుచేసి బ్రౌజర్ నుంచి ప్రింట్ చేయడం. అక్షరాల కూర్పు బ్రౌజర్ చూసుకుంటుంది. కాగితం వెడల్పు 58 మిల్లీమీటర్లా, 80 మిల్లీమీటర్లా చూసుకుని పేజీ వెడల్పు దానికి సరిపెట్టండి. 58లో 'చెల్లించవలసిన నికర మొత్తం' రెండు వరుసలకు దిగుతుంది. అక్కడ 'నికరం' అని కుదించినా రైతులకు అర్థమవుతుంది.